అమ్మకు డెబ్భై నిండుతున్నాయి: చెప్పకుండా అందర్నీ పిలవాలా, చెప్పి పిలవాలా?

పాలమూరు_పిల్ల

ఈ ఏడు మా అమ్మకు డెబ్భై నిండుతాయి. మేం ముగ్గురం. అన్నయ్య డాలస్‌లో, అక్క షార్జాలో, నేను ఇక్కడే మహబూబ్‌నగర్‌లో అమ్మకు రెండు వీధుల అవతల. నాయిన పోయిన తర్వాత మేం ముగ్గురం ఒకేసారి ఆ ఇంట్లో కూర్చుని తిన్నది లేదు. ఒకరికి సెలవు దొరికితే ఇంకొకరికి దొరకదు. ఈసారి ఎట్లాగైనా అందరం కలిసి, అమ్మ వైపు వాళ్లను, నాయిన వైపు వాళ్లను, అమ్మ చిన్నప్పటి దోస్తులను పిలిచి, అమ్మకు తెలియకుండా పుట్టినరోజు చేద్దామని అక్క పట్టు. హాలు చూడు, స్టేజి చూడు, కేకు చూడు అని రోజూ ఫోను.

నాకేమో టెన్షన్. అమ్మకు బీపీ ఉంది. పైగా అసలు తేదీ ఏదో ఎవరికీ తెలియదు. ఆధార్‌లో జులై 1 ఉంది, అది బడిలో సారు రాసింది. అమ్మమ్మ చెప్పిన గుర్తు ఒకటే, జడ్చర్ల దగ్గర రైలు నీళ్లలో పడ్డ రాత్రి పుట్టిందని.

ఇంకో సంగతి. అమ్మ పెరిగిన ఊరు కొల్లాపూర్ దిక్కు, కృష్ణ ఒడ్డున. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోయింది. ఊరివాళ్లు తలో దిక్కు పోయారు. అమ్మ ప్రాణ స్నేహితురాలు ఒకామె ఉండేది, ఆమె ఎక్కడుందో అమ్మకే తెలియదు. చిన్న మామయ్య బొంబాయిలో ఉంటాడు. ముంపు పరిహారం డబ్బుల దగ్గర మాటా మాటా వచ్చి మా గడప తొక్కడం మానేశాడు. అతన్ని పిలవాలా వద్దా?

ఇట్లాంటిది మీ ఇళ్లలో చేసినవాళ్లు ఉంటే చెప్పండి.

కోదాడ_కోడలు

చెప్పకుండా మాత్రం చేయకండి. మన దగ్గర అమెరికా కొడుకు, గల్ఫ్ కూతురు, బొంబాయి తమ్ముడు ఒకే రోజు గుమ్మంలో నిలబడితే పెద్దవాళ్లకు మొదట వచ్చే ఆలోచన ఒక్కటే. ఎవరు పోయారని. చెప్పాపెట్టకుండా అందరూ దిగేది చావుకే గదా. మా అత్తమ్మకు ఇట్లాగే చేశారు. పెద్ద కొడుకు కారు దిగడం చూసి గడప మీదే కూలబడింది, "మీ చిన్నాయనకు ఏమైందిరా" అని. కేకు కోసేటప్పుడు కూడా ఆమె చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఫొటోల్లో అందరం నవ్వుతున్నాం, ఆమె ఒక్కతే నవ్వడం లేదు.

జడ్చర్ల_జంక్షన్

కోదాడ గారూ, అందరికీ అట్లా కాదు. మా నాయిన రిటైరైన ఏడు మేం చెప్పకుండానే చేశాం. రైల్వేలో ఆయనతో పనిచేసినవాళ్లు రాయచూర్ నుంచి, డోన్ నుంచి వచ్చారు. ఆ రోజు మా నాయిన నవ్వినంతగా మళ్లీ ఎప్పుడూ నవ్వలేదు. ముందే చెప్పి ఉంటే "ఎందుకురా ఖర్చు" అని ఆయనే అందరికీ ఫోన్లు చేసి ఆపేసేవాడు. మన పెద్దవాళ్లను అడిగితే వద్దనే అంటారు. అడగకుండా చేయడమే మేలు.

కోదాడ_కోడలు

మీ నాయిన సంగతి వేరు జంక్షన్ గారూ. ఆయన వయసెంత అప్పుడు? ఈ అమ్మకు డెబ్భై, బీపీ, పైగా భర్త లేడు.

నల్గొండ_టీచరమ్మ

మిగతావి తర్వాత మాట్లాడుకోవచ్చు, ముందు తేదీ సంగతి తేలుస్తాను. జడ్చర్లకు, మహబూబ్‌నగర్‌కు మధ్య వంతెన కూలి ప్యాసింజర్ రైలు పడింది 1956 సెప్టెంబర్ 2 రాత్రి. వందమందికి పైగా చనిపోయారు. అప్పుడు రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి. బాధ్యత తనదే అని రాజీనామా ఇస్తే నెహ్రూ తీసుకోలేదు. అదే ఏడు నవంబర్‌లో మద్రాసు రాష్ట్రంలోని అరియలూరు దగ్గర ఇంకో రైలు పడ్డాక మళ్లీ ఇచ్చారు, అప్పుడు ఒప్పుకున్నారు. శాస్త్రి గారి రాజీనామా అంటే అందరూ అరియలూరు పేరే చెప్తారు. నేను మాత్రం మా పిల్లలకు పాలమూరు సంగతి కూడా చెప్పి తీరతాను.

ఆ రోజు ఆదివారం. శ్రావణం చివర, ఎడ్లకు పూజ చేసే పొలాల అమావాస్య ముందర. మీ అమ్మను మాటల్లో పెట్టి "నువ్వు పుట్టినప్పుడు అమావాస్య దగ్గర్లో ఉందా" అని అడిగి చూడమ్మా. సరిపోలితే ఇంకేం కావాలి. తేదీ లెక్కన సెప్టెంబర్ 2, తిథి లెక్కన ఈ ఏడు అధిక జ్యేష్ఠం వచ్చింది కాబట్టి దాని తర్వాత ఇంకో వారానికి పడుతుంది. ఆ వారంలో ఏ రోజు చేసినా తప్పు లేదు.

ఒక్క అనుమానం. కృష్ణ ఒడ్డు ఊరివాళ్లకు జడ్చర్ల రైలు ఎట్లా గుర్తు?

పాలమూరు_పిల్ల

టీచరమ్మ గారూ, మీకు దండం. ఇన్నేళ్లలో మేమెవ్వరం ఆ రైలు ఏ రోజు పడిందని వెతకలేదు. అమ్మమ్మ పుట్టిల్లు జడ్చర్ల పక్క ఊరు. తొలి కాన్పుకు వచ్చింది. ఊరి మగవాళ్లంతా లాంతర్లు పట్టుకుని రైలు దగ్గరికి పరుగెత్తారట, ఇంట్లో మంత్రసాని, అమ్మమ్మ, ముత్తవ్వ ముగ్గురే ఉన్నారట. అమావాస్య సంగతి రేపే అడుగుతాను.

మిర్యాలగూడ_బియ్యం

సెప్టెంబర్ ఎందుకు, దసరాకు పెట్టుకోండి. పిల్లల బడులకు సెలవులు, బతుకమ్మ, అందరూ ఎట్లాగూ వస్తారు.

కోస్గి_కందులు

దసరాకు ఎవరి ఇంటికి వాళ్లు పోతారు బియ్యం అన్నా. ఆడపిల్లలు పుట్టింటికి పోతారు, మేనత్తలు వాళ్ల కొడుకుల దగ్గర ఉంటారు. పండగ పూట మన ఇంటికి రమ్మంటే సగం మంది రారు. దానికి ముందేమో పెద్దలకు పెట్టుకునే పెత్తర అమావాస్య పక్షం, ఆ రోజుల్లో శుభకార్యం అంటే పెద్దవాళ్లు ఒప్పుకోరు. సెప్టెంబర్ మొదటి వారమే సరైనది. టికెట్ల ధరలు కూడా దసరా అంత ఉండవు.

మట్టపల్లి_భక్తుడు

డెబ్భై నిండితే భీమరథ శాంతి చేయించాలి. అరవైకి షష్టిపూర్తి, డెబ్భైకి భీమరథ శాంతి, ఎనభై దాటాక సహస్ర చంద్ర దర్శనం. కేకులు, బెలూన్ల కన్నా అది మంచిది. బంధువులంతా దానికి తప్పకుండా వస్తారు.

కోస్గి_కందులు

భక్తుడు గారూ, అది మామూలుగా దంపతులను పీటల మీద కూర్చోబెట్టి చేయిస్తారు గదా. ఆ అమ్మ ఒక్కతే ఉంది. పక్క పీట ఖాళీగా పెట్టి ఆమెను కూర్చోబెట్టడం నాకు నచ్చడం లేదు.

మట్టపల్లి_భక్తుడు

నిజమే, ఆ మాట నేను ఆలోచించలేదు. అయితే పొద్దున ఇంట్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకోండి. కొడుకు కోడలు గానీ, కూతురు అల్లుడు గానీ పీటల మీద కూర్చుంటారు. అమ్మ అక్షింతలు వేస్తుంది.

వనపర్తి_వదిన

అసలు విషయం ఇప్పుడు వచ్చింది కాబట్టి రాస్తున్నాను. మా అమ్మకు అరవై ఎనిమిది. నాయిన పోయినప్పటి నుంచి ఏ పెళ్లికి పోయినా వెనక వరుసలో, వంటల దగ్గర, పిల్లల దగ్గర ఉంటుంది. ఎవరూ ఉండమని చెప్పరు, ఆమే పోయి అక్కడ కూర్చుంటుంది. పసుపు కుంకుమ పళ్లెం వస్తుంటే లేచి నీళ్లకని పోతుంది. అట్లాంటి మనిషిని మేం ఒకసారి పుట్టినరోజని హాలుకు తీసుకుపోయి, స్టేజి ఎక్కించి, మెడలో దండ వేసి, లైట్లు వేశాం. ఆమె దండ వెంటనే తీసి చేతిలో పట్టుకుంది. కింద మా పెద్ద మేనత్త మొహం చూస్తూ ఉంది, ఏమనుకుంటుందోనని.

మనకు ఇది కొత్త కాలం అనిపిస్తుంది. వాళ్లకు ఆ భయం ఇంకా పోలేదు. అందుకని పాలమూరు పిల్లా, హాలు వద్దు, స్టేజి వద్దు. ఇంట్లో చేయండి. ఆమె వాకిలి, ఆమె వంటిల్లు, ఆమె మంచం. అక్కడైతే ఆమె పెద్ద, వచ్చినవాళ్లు ఆమె దగ్గరికి వస్తారు. ఇంకొకటి, ముందు ఆమె పుట్టింటివాళ్లతో చీర పెట్టించండి. తమ్ముడు తెచ్చిన చీర కట్టుకుని కూర్చుంటే ఏ మేనత్తా మాట్లాడదు. అన్నదమ్ములు పెట్టిన చీరను కాదనే ధైర్యం మన ఊళ్లలో ఎవరికీ లేదు.

గద్వాల_అంచు

వదిన గారు నా మనసులో మాట రాశారు. చీర సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నా, గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచు కొంగు పట్టు ఉండేది తీసుకోండి. సెప్టెంబర్ ఉక్కకు పూర్తి పట్టు కడితే ఆమెకు గంటలో చిరాకు వస్తుంది. అంచు విడిగా నేసి ఒంటికి కలుపుతారు, ఆ కలిపిన చోట చేత్తో తడిమి చూసుకోండి. బరువు తక్కువ కావాలంటే నారాయణపేట నూలు చీర కూడా బాగుంటుంది.

జడ్చర్ల_జంక్షన్

అయితే ఆ బొంబాయి మామయ్యను తప్పకుండా పిలవాల్సిందే అన్నమాట. నా సలహా, ఇద్దరికీ చెప్పకుండా అందరి ముందు ఎదురుపడేట్టు చేయండి. నలుగురిలో ఎవరూ మొహం తిప్పుకోరు. అక్కడికక్కడే కలిసిపోతారు.

భివండి_మగ్గం

జంక్షన్ అన్నా, ఈ ఒక్క విషయంలో మీ మాట వద్దు. మా నాయిన నల్గొండ జిల్లా నుంచి బొంబాయి పక్కన భివండికి మగ్గాల పనికి వచ్చాడు, నేను ఇక్కడే పుట్టాను. మా ఇంట్లో కూడా అన్నదమ్ములకు ఇట్లాంటిదే జరిగింది, ఊళ్లో ఇంటి జాగ గురించి. ఒక పెళ్లిలో పెద్దమనుషులు ఇద్దర్నీ పట్టుకొచ్చి అందరి ముందు చేతులు కలిపించారు. కలిపారు, ఫొటో దిగారు. ఆ తర్వాత బస్సెక్కేటప్పుడు మా నాయిన ఏడ్చాడు. మాట్లాడుకోవాల్సింది మాట్లాడుకోలేదు గదా మరి.

బొంబాయిలో ఉన్నవాడికి ఊరు అంటే ఎంత ప్రాణమో బయటివాళ్లకు తెలియదు. పరిహారం డబ్బుల గొడవ పైకి కనిపించేది. లోపల ఉండేది, నన్ను ఎవరూ లెక్క చేయలేదు, నేను లేనప్పుడు తేల్చేశారు అన్న బాధ. అందుకే ఫోన్‌లో పిలవకండి, వాట్సాప్ కార్డు అసలే పంపకండి. ఇంటి మనిషి ఒకరు బస్సెక్కి వచ్చి ఎదురుగా కూర్చుని పిలవాలి. పాలమూరు నుంచి బొంబాయికి మన లేబర్ తిరిగే బస్సులు రోజూ ఉంటాయి, ఒక్క రాత్రి ప్రయాణం. ఆయన వస్తానంటే ఒక రోజు ముందు రప్పించండి. అక్కాతమ్ముళ్లు ఇద్దరూ రాత్రి కూర్చుని అనుకోవాల్సింది అనుకుంటారు, ఏడవాల్సింది ఏడుస్తారు. తెల్లారి చుట్టాలు వచ్చేసరికి మొహాలు తేటగా ఉంటాయి.

జడ్చర్ల_జంక్షన్

మగ్గం తమ్ముడూ, ఇది చదివాక నా మాట వెనక్కి తీసుకుంటున్నా.

ముంపు_బిడ్డ

స్నేహితురాలి గురించి. మాదీ కొల్లాపూర్ వైపు ముంపు ఊరే. 1981 ప్రాంతంలో ఖాళీ చేయించారు, అప్పుడు నాకు ఊహ తెలుస్తున్న వయసు. పునరావాసం అని కొందరు పక్కనే గట్టు మీదికి పోయారు, కొందరు పెబ్బేరు దిక్కు, కొందరు వనపర్తి, కొందరు అటు నదికి అవతల కర్నూలు జిల్లాలో చుట్టాల దగ్గరికి. చేతిలో డబ్బులు అయిపోయాక బొంబాయికి పోయినవాళ్లు చాలామంది. పాలమూరు లేబర్ అంటే కరువు ఒక్కటే అనుకుంటారు, ముంపు కూడా ఉంది అందులో.

ఎట్లా వెతకాలో చెప్తాను. 1986లో 98 జీవో వచ్చింది, శ్రీశైలం ముంపు కుటుంబాలకు ఇంటికో ఉద్యోగం అని. ఆ ఉద్యోగాలు రానివాళ్లు ఇప్పటికీ తిరుగుతున్నారు, దరఖాస్తులు పెడుతున్నారు, సభలు పెడుతున్నారు. వాళ్ల దగ్గర ఊరి వారీగా, ఇంటి పెద్ద పేరుతో జాబితాలు ఉంటాయి. ఎవరు ఎక్కడికి పోయారు, వాళ్ల పిల్లల ఫోన్ నంబరు ఏది అన్నది వాళ్లకు నోటికి వచ్చు. కొల్లాపూర్‌లో ఎవరినైనా "98 జీవో వాళ్లు ఎక్కడ ఉంటారు" అని అడగండి, చాయ్ హోటల్ వాళ్లు కూడా చూపిస్తారు.

మీకు కావాల్సింది స్నేహితురాలి పేరు ఒక్కటే చాలదు. ఆమె తండ్రి పేరు, ఇంటి పేరు, ఇల్లు ఊళ్లో ఏ దిక్కున ఉండేది, గుడి దగ్గరా, బావి దగ్గరా. ముంపు జాబితాల్లో ఇళ్లను అట్లాగే గుర్తుపడతారు. పేరు ఇక్కడ రాయకండి, నాకు విడిగా పంపండి, మా పెదనాన్న కొడుకు ఆ పనుల మీదే తిరుగుతుంటాడు.

పాలమూరు_పిల్ల

అన్నా, మీకు విడిగా రాశాను. ఇది చదువుతూ నేను వంటింట్లో నిలబడిపోయాను. అమ్మ చెప్పేది, ఆఖరి రోజు ఇంటి దూలాలు, తలుపులు విప్పి బండ్ల మీద ఎక్కిస్తుంటే ఆ స్నేహితురాలి బండి అటు, మా బండి ఇటు తిరిగిందని.

అమావాస్య సంగతి అడిగాను. "ఊళ్లో ఎడ్లకు చేసే అమావాస్యకు నేను పొత్తిళ్లలో ఉన్నానట" అన్నది. టీచరమ్మ గారూ, సరిపోయింది!

షార్జా_చుక్క

ఆ అక్కను నేనే. చెల్లె లింకు పంపింది, అంతా చదివాను. అందరూ చెప్పకుండా చేయొద్దు, స్టేజి వద్దు, హాలు వద్దు అంటున్నారు. నా వైపు కూడా వినండి. నేను ఇక్కడి నుంచి అమ్మను రోజూ వీడియోలోనే చూస్తాను. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటుంది, నాకు ఆమె చెంప, కమ్మ మాత్రమే కనిపిస్తాయి. నేను వస్తున్నానని తెలిస్తే నెల ముందు నుంచే సకినాలు, గారెలు, కారప్పొడులు మొదలుపెట్టి, నేను దిగేసరికి నడుం నొప్పితో పడుకుని ఉంటుంది. ప్రతిసారీ అంతే. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఏ పనీ చేయకుండా తలుపు తీసి నన్ను చూడాలి. అందుకే చెప్పకుండా అన్నాను.

వనపర్తి_వదిన

చుక్కా, నీ బాధ అర్థమైంది తల్లీ. నీ కోరిక తప్పు కాదు.

కృష్ణ_ఒడ్డు

పైనుంచి అన్నీ చదివాను. ఇక్కడ రెండు సంగతులు కలిసిపోయాయి. ఇంట్లో కార్యం ఉందన్నది ఒకటి, ఎవరెవరు వస్తున్నారన్నది ఇంకొకటి. మొదటిది అమ్మకు చెప్పండి, రెండోది దాచండి. ఇంట్లో వ్రతం పెట్టుకున్నాం, నలుగురు చుట్టాలు వస్తారు, వంటవాళ్లను మాట్లాడాం అని ముందే తెలిస్తే కోదాడ గారు చెప్పిన భయం ఉండదు. ఇల్లు సర్దుకుంటుంది, మంచి చీర తీసి పెట్టుకుంటుంది, మందులు వేళకు వేసుకుంటుంది. కార్యం ఉన్న ఇంటికి మనిషి వస్తే సంతోషమే గానీ గుండె జారదు.

వచ్చేవాళ్లను కూడా ఒకేసారి దింపకండి. చుక్క గారు రెండు రోజుల ముందు, ఆమె అనుకున్నట్టే తలుపు కొట్టి. మామయ్య ముందు రోజు సాయంత్రం. స్నేహితురాలు దొరికితే ఆ రోజు. మా నాయినమ్మకు మేం ఇట్లాగే చేశాం. ఒక సంతోషం కడుపులో ఇంకేలోపు ఇంకొకటి వస్తే పెద్దవాళ్లు తట్టుకోలేరు, మధ్యలో ఒక నిద్ర పడాలి.

కోదాడ_కోడలు

దీనికి నేను ఒప్పుకుంటాను.

షార్జా_చుక్క

నేనూ ఒప్పుకుంటున్నా. కానీ తలుపు తీసేది అమ్మే అయి ఉండాలి. చెల్లె తీస్తే ఊరుకోను.

మిర్యాలగూడ_బియ్యం

రహస్యం దాచేది ఎట్లా అన్నది ఎవరూ మాట్లాడడం లేదు. మా ఇంట్లో వాట్సాప్ గ్రూపుకు "బోరు మోటారు రిపేరు" అని పేరు పెట్టాం. మా అమ్మ ఫోన్ చూసినా తెరవలేదు. మా నాయిన మాత్రం తెరిచి, మోటారుకు ఏమైందని మెకానిక్‌ను పిలుచుకొచ్చాడు!

కోస్గి_కందులు

బియ్యం అన్నా, నవ్వు ఆగడం లేదు. మా ఇంట్లో బయటపెట్టింది పాలు పోసే ఆయన. "అమ్మా, ఎల్లుండి నుంచి నాలుగు లీటర్లు ఎక్కువ చెప్పారు, చుట్టాలా" అని అడిగాడు.

గద్వాల_అంచు

చిన్నపిల్లలకు చెప్పకండి. అంతకన్నా రాయాల్సింది లేదు.

మర్రిగూడ_మనిషి

నల్గొండ జిల్లా నుంచి ఒక మాట. మా నాయిన దోస్తులు చాలామందికి ఫ్లోరైడ్ నీళ్లతో మోకాళ్లు, నడుములు బిగుసుకుపోయాయి. మా ఇంట్లో దావత్‌కు కింద చాపలు, బంతి భోజనాలు పెట్టాం. పాత పద్ధతి అందంగా ఉంటుందని అనుకున్నాం. ఇద్దరు కింద కూర్చోలేక, అడగడానికి మొహమాటపడి, తినకుండా గోడకు ఆనుకుని నిలబడ్డారు. వచ్చేవాళ్లంతా అరవై దాటినవాళ్లయితే చేతులున్న కుర్చీలు, ఎత్తు బల్లలు పెట్టండి. ఇంటి మెట్టు దగ్గర పట్టుకోవడానికి ఒక మనిషిని నిలబెట్టండి. బాత్రూం ఎక్కడుందో వచ్చీ రాగానే చూపించండి. వయసు మళ్లిన ఆడవాళ్లు అడగలేక నీళ్లు తాగడం మానేస్తారు.

నల్గొండ_టీచరమ్మ

మర్రిగూడ గారూ, ఇది ఎవరికీ తట్టని మాట. నిజంగా మంచి మాట చెప్పారు.

మిర్యాలగూడ_బియ్యం

వంటలు ఏం అనుకున్నారు? వ్రతం పూట శాకాహారం సరే. పొద్దున బగారా అన్నం, వంకాయ కూర, పచ్చిపులుసు, పరమాన్నం. సాయంత్రానికి ఏదైనా వేరే ఉందా?

ముంపు_బిడ్డ

కృష్ణ ఒడ్డు మనుషులకు చేపల పులుసు లేకుండా పంపితే పాపం! మర్నాడు పెట్టుకోండి. కొల్లాపూర్ దగ్గర సోమశిల నుంచి తెప్పించండి. పక్కన జొన్నరొట్టె.

పాలమూరు_పిల్ల

అందరి మాటలూ అక్కకు, అన్నయ్యకు చదివి వినిపించాను. ఇంట్లోనే, వ్రతం పేరుతో, ఒక్కొక్కరుగా. నేను శుక్రవారం రాత్రి బస్సుకు బొంబాయి పోతున్నా మామయ్య దగ్గరికి. మగ్గం అన్నా, గుండె దడగా ఉంది.

భివండి_మగ్గం

పోయిరా చెల్లె. ఏమీ తీసుకుపోకున్నా మన ఊరి పల్లీలు, జొన్నపిండి తీసుకుపో.

పాలమూరు_పిల్ల

కార్యం అయిపోయింది. వారం నుంచి రాద్దామంటే ఇల్లంతా మనుషులు, తీరలేదు.

బొంబాయి సంగతి ముందు. మామయ్య తలుపు తీసి నన్ను చూసి మొదట అడిగింది, "అక్క బాగుందా?" అని. కోదాడ గారూ, మీరు చెప్పిందే. నేను వచ్చానంటే అమ్మకు ఏదో అయిందనుకున్నాడు. బాగుంది, డెబ్భై నిండుతున్నాయి, నువ్వు చీర పెట్టాలి అన్నాను. లోపలికి పోయి చాలాసేపు రాలేదు. అత్తమ్మ వచ్చి "వస్తాడు, టికెట్ తీయి" అన్నది.

అక్క రెండు రోజుల ముందు దిగింది. తలుపు అమ్మే తీసింది, నేను వెనక వీడియో తీశాను. అమ్మ మొదట ఏమీ అనలేదు. అక్క బుగ్గలు పట్టుకుని, "ఇంత సన్నబడ్డావేమే" అని, ఆ తర్వాత ఏడ్చింది. అక్క అనుకున్నట్టు ఒక్క సకినం కూడా చేసి లేదు, దాని మీద అమ్మ ఇప్పటికీ మమ్మల్ని తిడుతోంది.

అన్నయ్య రాలేకపోయాడు. వీసా స్టాంపింగ్‌కు తేదీ దొరకలేదు, వస్తే తిరిగి పోవడం ఎట్లా అన్న భయం. అది అందరికీ బాధే. కానీ కూతుర్ని ఒక్కదాన్నే విమానం ఎక్కించాడు. పదిహేడేళ్ల పిల్ల, ఎప్పుడూ ఒంటరిగా రాలేదు. శంషాబాద్‌లో నేను తీసుకున్నాను, ఇంటికి గంటన్నర. దారిలో తెలుగు మాటలు మళ్లీ మళ్లీ పలికి చూసుకుంది. ఇంటికి వచ్చి "నాయినమ్మా, నేను వచ్చిన" అన్నది. అచ్చం మా నాయిన గొంతు, మా నాయిన యాస.

మామయ్య ముందు రోజు సాయంత్రం వచ్చాడు. మేమందరం మేడ మీదికి పోయాం. కింద ఏం మాట్లాడుకున్నారో మాకు తెలియదు, అడగలేదు. రాత్రి పదకొండుకు అమ్మ పిలిచి, "తమ్ముడికి అన్నం పెట్టాలి, పెరుగు ఉందా" అని అడిగింది. గద్వాల గారూ, మామయ్య తెచ్చిన చీర నూలు ఒళ్లు, ఆకుపచ్చ పట్టంచు. తెల్లారి అదే కట్టుకుంది. మా పెద్ద మేనత్త తనే దగ్గరికి వచ్చి అమ్మ తలలో పూలు పెట్టింది. వదిన గారూ, నేను మీకు ఆ క్షణంలోనే ఫోన్ చేయాలనుకున్నాను.

ఇక స్నేహితురాలు. ముంపు అన్న వాళ్ల అన్నయ్య వారంలోనే జాడ తీశారు. పెబ్బేరు దగ్గర కొడుకు దగ్గర ఉంటోంది! ఇన్నేళ్లూ ఒక బస్సు దూరంలో ఉన్నారు ఇద్దరూ. కారు దిగి గేటు దగ్గర నిలబడింది. అమ్మ ఎవరో అనుకుని "రండి, లోపలికి రండి" అని మర్యాదగా పిలిచింది. ఆమె అమ్మ చిన్నప్పటి ముద్దుపేరు పెట్టి పిలిచింది. ఆ పేరు మేం ముగ్గురం ఎప్పుడూ వినలేదు.

ఆ తర్వాత ఇద్దరూ వ్రతం కథ కూడా సరిగా వినలేదు. ఎవరు ఉన్నారు, ఎవరు పోయారు, మీ తమ్ముడు ఏమయ్యాడు, మా మేనమామ ఏమయ్యాడు, ఏటి దారిలో చింతచెట్ల వరుస యాదికున్నదా. మా పంతులు గారు మంచివారు, రెండుసార్లు ఆగి ఇద్దర్నీ చూసి నవ్వి మళ్లీ చదువుకున్నారు. చేతుల కుర్చీలు పెట్టాం మర్రిగూడ గారూ. ఆమెకు మోకాళ్ల నొప్పి, ఆ కుర్చీ లేకుంటే అంతసేపు కూర్చునేది కాదు.

షార్జా_చుక్క

చెల్లె ఒకటి రాయలేదు. కేకు మేమెవ్వరం తేలేదు, పిల్లలే తెచ్చారు. అమ్మ, మామయ్య, ఆ స్నేహితురాలు ముగ్గురూ కలిసి ఒకే కత్తి పట్టుకుని కోశారు.

నల్గొండ_టీచరమ్మ

చదువుతూ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాను. ఆ అమ్మాయికి తెలుగు అక్షరాలు కూడా నేర్పించండమ్మా, పలుకు వచ్చింది గదా.

భివండి_మగ్గం

మామయ్య తిరిగి వచ్చాడా, అక్కడే ఉన్నాడా?

పాలమూరు_పిల్ల

ఇంకా ఇక్కడే ఉన్నాడు అన్నా. నిన్న ముగ్గుర్నీ సోమశిలకు తీసుకుపోయాం. శ్రీశైలం డ్యాం నిండుగా ఉంది, ఊరి జాగ మొత్తం నీళ్ల కిందే. ఎండాకాలం నీళ్లు తగ్గితే గుడి పునాదులు, బావి గోడ బయటపడతాయట. ఏప్రిల్‌లో మళ్లీ వస్తానని మామయ్య ఆమెకు చెప్పాడు, అమ్మను కూడా బయల్దేరదీస్తానన్నాడు.

ముంపు_బిడ్డ

ఏప్రిల్ చివర రండి, అప్పటికి ఇంకా దిగుతుంది. బురద ఆరాక నడవడానికి వీలుగా ఉంటుంది. నేను కూడా వస్తాను, మా ఊరి జాగ అక్కడి నుంచి దగ్గరే.

జడ్చర్ల_జంక్షన్

ముంపు అన్నా, మా పక్కింటి పెద్దమ్మది కూడా అటు దిక్కే, అలంపూర్ వైపు మునిగిన ఊరు. ఆమె తోడికోడలి కుటుంబం ఎటు పోయిందో తెలియదట. మీ అన్నయ్యను అడగవచ్చా? తండ్రి పేరు, ఇంటి పేరు, ఇల్లు ఏ దిక్కున ఉండేదో అన్నీ రాసి పెట్టాను.

ముంపు_బిడ్డ

విడిగా పంపండి. రేపే అడుగుతాను.